వచ్చినవాళ్ళ భాష

నగరి దాటి, ఏరు కూడా దాటి అవతలికి పోతే వేలాయుధపాళ్యం వస్తుంది. డెబ్బైల్లో అక్కడో బడి ఉండేది. బడి అంటే ఏదో అనుకునేరు! రెండు గదులు, ఒక వసారా, ఒక చేదబావి, అంతే. ఒక గదిలో తెలుగు, రెండో గదిలో అరవం. పుస్తకాల్లో తమిళమని రాసుకుంటారు గానీ ఆ పక్క అందరూ అరవమనే అంటారు, ఆ భాష మాట్లాడేవాళ్ళతో సహా. తెలుగు గది హెడ్మాస్టరు పరంధామయ్యది. అరవ గది కుముదవల్లి టీచరుది. ఊరంతా నేతగాళ్ళే. సగం ఇళ్ళల్లో తెలుగు మాట్లాడితే సగం ఇళ్ళల్లో అరవం మాట్లాడేవాళ్ళు.

కుముదవల్లి సొంత ఊరు తిరుపతి. ఆమె నాయన యతిరాజులు గుడిలో అరవ పాశురాలు చదివే కైంకర్యంలో ఉండేవాడు. ఇంట్లో మాట తెలుగు, దేవుడి ముందు మాట అరవం. అలా ఆమెకు రెండూ పుట్టుకతోనే వచ్చాయి. ట్రైనింగు అయ్యాక వేలాయుధపాళ్యం అరవ సెక్షనుకు వేశారు. "ఒక ఏడాది ఓపిక పట్టు తల్లీ, బదిలీ చేయించుకుని వచ్చేద్దువు" అన్నాడు నాయన. ఏడాది పోయింది, ఏళ్ళూ పోయాయి, ఆమె బదిలీ మాటే ఎత్తలేదు. నగరిలో ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే చెప్పులు చేత పట్టుకుని, ఏట్లో ఇసక తొక్కుకుంటూ బడికి పోయేది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు "ఉద్యోగం మానేస్తావా అమ్మాయ్?" అంటే "మాననండీ" అని మొహం మీదే చెప్పేసి మర్నాడు బస్సెక్కేసేది. అంత మొండిమనిషి.

ఆమెను అక్కడ కట్టిపడేసింది పిల్లలే. అందరూ నాకు సమానమే అని టీచర్లు చెబుతారు. వట్టి మాట. కుముదవల్లికి పొన్నమ్మ అంటే ప్రాణం.

పొన్నమ్మ వెంకటముని కూతురు. నాలుగో తరగతి. వయసుకు మించిన పొడుగు, మోకాళ్ళు దాటని పావడా. అంగడి నుంచి బెల్లం పొట్లం కట్టుకొస్తే బెల్లం సంగతి తర్వాత, ముందు ఆ కాగితం విప్పి చదివేది. అరవంలో ఏది కనబడినా వదిలేది కాదు. వెంకటముని గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. నేతవాళ్ళ ఇళ్ళల్లో పదేళ్ళ ఆడపిల్ల ఉందంటే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టాల్సిందే. కండె లేకపోతే దారం మోసుకుని మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె లేదు, నాడె ఆడకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా వెంకటముని ఆ టీచరమ్మ పోరు పడలేక ఒక మాట ఇచ్చాడు.

"ఐదు పాసయ్యేదాకా బిడ్డని రాట్నం ముందర కూసోబెట్టను టీచరమ్మా. ఐదు అయితే తిరుత్తణిలో మా అక్క ఇంట్లో పెట్టి హైస్కూలుకి పంపిస్తాను. ఆడ అంతా అరవ సదువే. కానీ ఐదు పాసు కావల్ల. పాసు కాకుంటే మా అక్క మొగుడు గడప తొక్కనీడు."

"అవుతుంది. నాదీ పూచీ" అంది కుముదవల్లి.

అదీ సంగతి. ఇంకో ఏడాది ఆ అరవ గది తెరిచి ఉంటే చాలు, ఆ పిల్ల గట్టెక్కేస్తుంది. పొన్నమ్మను టీచర్ని చేయాలని కుముదవల్లి కోరిక. రాత్రి పడుకోబోయే ముందు ఆ పిల్ల బోర్డు ముందు నిలబడి పాఠం చెబుతున్నట్టు ఊహించుకుని తనలో తనే మురిసిపోయేది.

ఇక ఆ ఊళ్ళో ఒక వాడుక ఉంది. అది చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. నూలు అమ్మేవాళ్ళు, చీరలు కొనేవాళ్ళు, అద్దకంవాళ్ళు, ఎక్కడెక్కడి నుంచో వస్తూనే ఉంటారు ఆ వీధికి. బెంగుళూరు షావుకారు వస్తే వచ్చీరాని కన్నడంలోనైనా సరే పలకరిస్తారు. వాలాజా మనిషి వస్తే అరవం. కడప మనిషి వస్తే తెలుగు. వచ్చినవాళ్ళ భాషలో మాట్లాడాలి, అదీ మర్యాద. మన భాష మాట్లాడి వాళ్ళను తడుముకునేట్టు చేశామంటే వాకిట్లో నిలబెట్టి పంపినంత అవమానం. ముసలీ ముతకా, చంటిపిల్లలు, అందరిదీ అదే తీరు.

కుముదవల్లికి ఈ తీరు మహా నచ్చింది. శనివారం మధ్యాహ్నం రెండు గదుల పిల్లల్నీ వసారాలో కూర్చోబెట్టి చుట్టాల ఆట ఆడించేది. ఒకరు బయటికి పోయి చుట్టంగా లోపలికి రావాలి. వచ్చిన చుట్టం ఏ భాష మాట్లాడితే అందరూ ఆ భాషలోనే బదులు చెప్పాలి. మరిచిపోయి సొంత భాషలోకి జారిన పిల్ల లేచి వెళ్ళి చుట్టానికి మంచినీళ్ళు తేవాలి. ఒక్కోసారి పరంధామయ్య కూడా తుండుగుడ్డ తలకు చుట్టుకుని కన్నడ షావుకారులా వచ్చి "ఏనమ్మా, సీరె కొడ్తీరా?" అని చీర అడుగుతూ గద్దించేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ ఆటలో పొన్నమ్మ ఒక్కనాడూ నీళ్ళు తేలేదు.

అలా ఆ పిల్లలకు నోటికి రెండు భాషలూ వచ్చేశాయి. చదవడం, రాయడం మాత్రం ఎవరి గది భాష వాళ్ళదే. అరవ గది పిల్లలకు తెలుగులో అ ఆ లు కూడా తెలియవు. పై క్లాసుల్లో నేర్చుకుంటారులే అని ఎవరూ పట్టించుకోలేదు.

ఇలా ఉండగా ఒక పుకారు పుట్టింది. ఊరూరా రెండేసి భాషలు చెప్పించడం సర్కారుకు బరువైపోయిందట, ఆ చుట్టుపక్కల అరవ సెక్షన్లన్నీ ఎత్తేసి నగరి ఊళ్ళో ఒకే బడిలో కలిపేస్తారట. ఎక్కడ తప్పనిసరో అక్కడ మాత్రం ఉంచుతారు. ఎక్కడ తప్పనిసరో చూసి రాయడానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

"జయరావంట. కృష్ణా జిల్లా మనిషి" అన్నాడు పరంధామయ్య, ముక్కుపొడుం డబ్బీ మూస్తూ. "మంచోడే అంటా ఉండారు. పిల్లోళ్ళని బాగా తయారు చెయ్యి కుముదమ్మా. మన బడి పేరు నిలబడాల."

తయారు చేసింది. ఎక్కాలు వల్లెవేయించింది. పద్యాలు అప్పజెప్పించుకుంది. తలకు నూనె పెట్టుకుని రమ్మంది, గోళ్ళు కత్తిరించుకుని రమ్మంది. ఆయన ఏ భాషలో అడిగినా మీరు అరవంలోనే బదులు చెప్పండి అని మాత్రం చెప్పలేదు. పాపం, ఆ మాట చెప్పాలని ఆమెకే కాదు, ఆ ఊళ్ళో ఎవరికీ తోచదు.

మార్చి నెల ఎండలో జయరావు ఏరు దాటుకుంటూ నడిచి వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. గదిలోకి రాగానే పిల్లలు లేచి "నమస్కారం సార్" అన్నారు. వణక్కం అంటారనుకున్న ఆయన ఆశ్చర్యపోయాడు.

"ఇది తమిళ సెక్షనేనా అమ్మా?"

"అవునండీ, ఇదే" అంది కుముదవల్లి.

ముందు వరసలో ఉన్న పొన్నమ్మ వంక చూసి "నీ పేరేంటి పాపా?" అన్నాడాయన.

"నా పేరు పొన్నమ్మ సార్. మా నాయన పేరు వెంకటముని, మగ్గం నేస్తాడు. ఎండలో నడిచి వచ్చారు, మజ్జిగ తాగుతారా సార్?"

ఊళ్ళో 'వచ్చినారు' అంటారు. ఆయన మాట తీరు పట్టుకుని ఆ పిల్ల క్షణంలో ఆయన పక్క యాసకు తిప్పేసింది నాలుకను. జయరావు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు చూసి మిగతా పిల్లలకూ హుషారొచ్చింది. నాడె ఎలా విసరాలో ఒకడు చెప్పాడు, ఊరి ఎదుట కనబడే ముక్కుకొండకు ఆ పేరు ఎందుకొచ్చిందో ఇంకొకతె చెప్పింది. ఒక్కరి నోటా ఒక్క అరవపు మాట రాలేదు. వసారా గుమ్మంలో నిలబడ్డ పరంధామయ్య గొంతు సవరించుకున్నాడు, కుముదవల్లి వైపు చూసి చెయ్యి ఆడించాడు. ఆమె చూస్తేగా! ఆనందంతో ఆమెకు ఒళ్ళు తెలియడం లేదు.

"మీకు తెలుగులో పాఠం చెబితే అర్థమవుతుందా?" అని అడిగాడు జయరావు.

"అవుతుంది సార్!"

"కష్టంగా ఏమన్నా ఉంటుందా?"

"లేదు సార్!" అని అందరికంటే ముందు పొన్నమ్మ అంది.

ఇంటికొచ్చిన మనిషితో నీ భాష మాకు కష్టం అని ఎవరు చెబుతారు? ఆయన తెచ్చిన పండ్లు బాగాలేవని ఆయన మొహం మీదే చెప్పినట్టుండదూ?

పోతూ పోతూ జయరావు కుముదవల్లికి చేతులు జోడించాడు. "ఎన్నో బళ్ళు చూశానమ్మా, ఇలాంటి పిల్లల్ని చూడలేదు. మీలాంటి టీచరు ఏటికవతల మూలన ఉండకూడదు" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె బొరుగులూ బెల్లమూ తెప్పించి పిల్లలందరికీ పంచింది. నగరికి తిరిగి పోతుంటే ఇసకలో కాళ్ళు కాలుతున్న సంగతి కూడా తెలియలేదు.

వేసవి సెలవులు అయిపోయి జూన్‌లో బడి తెరిచిన రోజునే ఉత్తర్వు వచ్చింది. పరంధామయ్య ఒకసారి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. వేలాయుధపాళ్యం పిల్లలకు తెలుగు ధారాళంగా వచ్చు కనుక అక్కడ తమిళ సెక్షను అవసరం లేదు, పిల్లలు తెలుగు సెక్షనులో చేరవచ్చు, లేదా నగరిలోని ఉమ్మడి బడికి పోవచ్చు. చక్కగా బోధిస్తున్న కుముదవల్లిని ఆ ఉమ్మడి బడికి వేస్తున్నారు.

కుముదవల్లి ఆ కాగితం తీసుకుని తనూ చదివింది. వసారా అరుగు మీద కూలబడింది.

"నేనే చేసినాను సార్" అంది. "నా చేతులారా నేనే చేసుకున్నాను."

"నాకి ఆ పొద్దే అనుమానం తట్టింది" అన్నాడు పరంధామయ్య. "బోర్డు మీద తెలుగులో ఒక్క మాట రాసి సదవండని అడిగింటే తేలిపోయేది. నేనన్నా నోరు తెరిచి సెప్పింటే బాగుండు. నువ్వు అంత సంతోషంగా ఉంటివి, ఎట్లా సెప్పేది తల్లీ?"

ఆమె ఊరుకునే మనిషి కాదు కదా. మర్నాడే సమితి ఆఫీసుకు పోయింది. జయరావు లేచి కుర్చీ చూపించాడు.

"అమ్మా, నేను విన్నదే రాశాను. ఆ పిల్లలు నాకంటే మంచి తెలుగు మాట్లాడారు."

"మాట్లాడతారు సార్. చదవలేరు. ఒక్క అక్షరం గుర్తు పట్టలేరు."

"మరి ఒక్కరైనా చెప్పలేదే? కష్టమా అని నేనే అడిగాను కదా?"

"మీరు తెలుగువారు సార్. మీతో తెలుగే మాట్లాడతారు. మీరు అరవం మాట్లాడి ఉంటే అరవంలోనే బదులు చెప్పి ఉందురు. మా ఊళ్ళో అదే మర్యాద. ఆ మర్యాద ఆటలు కట్టి మరీ నేర్పింది నేనే."

జయరావు ఫైలు తీసి తన రాతను మళ్ళీ చదువుకున్నాడు. ఆయన చెడ్డవాడైతే కుముదవల్లికి కాస్త సుఖంగా ఉండేది, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు. ఆయన చెడ్డవాడు కాదు.

"ఈ మాట మార్చిలో తెలిసి ఉంటే నా చేతిలో పని. ఇప్పుడు చిత్తూరు నుంచి ఉత్తర్వులు వచ్చేశాయమ్మా. వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను. తప్పకుండా రాస్తాను."

వచ్చే ఏడు! వచ్చే ఏటికి పొన్నమ్మకు ఏముంటుంది? ఆమె దండం పెట్టి లేచి వచ్చేసింది.

వీధిలో అందరూ వెంకటముని అరుగు దగ్గర చేరారు. తెలుగు గదిలో చేరాలంటే ఐదో తరగతి పిల్లైనా ఒకటో తరగతిలో కూర్చుని అ ఆ లు దిద్దుకోవాలి. ఏడాది తిరిగేసరికి ఐదు ఎక్కడ పాసవుతుంది? నగరి బడికి పోదామంటే మధ్యలో ఏరు.

"ఆడబిడ్డని ఏరు దాటించి ఎట్లా పంపేది టీచరమ్మా?" అన్నాడు వెంకటముని. "వానలొస్తే మీరే ఆపక్క నిలిచిపోతా ఉంటిరి గదా."

"నేను వచ్చి పిలుచుకొని పోతాను. సాయంత్రం నేనే తెచ్చి దిగబెడతాను. నీకు ఇచ్చిన పూచీ నాకు గుర్తుంది వెంకటమునీ."

"ఇంక ఆ పూచీ ఏందమ్మా, పోనీయండి" అన్నాడతను. కూతురి వంక చూసి "సరే, మీరే పిలుచుకొని పోండి" అన్నాడు.

అన్న మాట నిలబెట్టుకుంది. రోజూ తెల్లవారకముందే లేచి, ఏరు దాటి వేలాయుధపాళ్యం పోయి, వచ్చే పిల్లల్ని పోగు చేసుకుని మళ్ళీ ఏరు దాటి నగరి బడికి చేర్చేది. సాయంత్రం మళ్ళీ అంతే. ఆ బడి ఆమె అద్దె గదికి నాలుగిళ్ళ అవతలే ఉంది. కాలు కదపకుండా ఉద్యోగం చేసుకోవచ్చని తిరుపతిలో నాయన సంబరపడుతుంటే, ఈమె రెండింతలు నడిచేది. ఆలస్యమైందని కొత్త హెడ్మాస్టరు చీవాట్లు పెడితే తలవంచుకుని పడేది. అంత మొండిమనిషి అలా తలవంచుకోవడం చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోయేది. ఆమెకు మాత్రం పట్టలేదు. పొన్నమ్మ చురుగ్గా లెక్కలు చేస్తుంటే, చదువుతుంటే, ఇంకెంత, ఇంకొన్ని నెలలే కదా అని ధైర్యం చెప్పుకునేది.

వినాయక చవితి పోయింది, దసరా పోయింది. అప్పుడు పట్టుకుంది ముసురు. ఒకనాడు పొద్దున పాదాలు తడిసేంత నీళ్ళల్లో దాటించుకొచ్చింది పిల్లల్ని. ఎక్కడో ఎగువన పెద్ద వాన కురిసినట్టుంది, మధ్యాహ్నానికి ఏరు ఎర్రగా పొంగింది. సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని గట్టు మీదికి వచ్చేసరికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీళ్ళే. అవతల ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. వెంకటముని నడుం లోతు దాకా దిగి కూతుర్ని పేరు పెట్టి అరుస్తున్నాడు, పక్కవాళ్ళు అతన్ని వెనక్కి లాగుతున్నారు. నీళ్ళ హోరులో ఒక్క మాట ఇవతలికి వినబడలేదు. పిల్లలంతా తన పక్కనే ఉన్నారని, క్షేమంగా ఉన్నారని ఎలా చెప్పాలో తెలియక కుముదవల్లి ఒక్కొక్క పిల్లనే చంకల కింద పట్టి పైకి లేపి చూపించింది. ఎంతమంది తల్లులకు ఆ చీకటి పడే వేళ తమ పిల్ల కనబడిందో, ఎంతమందికి కనబడలేదో. పిల్లలు ఆమె గదిలోనే పడుకున్నారు. ఏరు తగ్గేసరికి ఒక పగలూ రెండు రాత్రులూ పట్టింది.

దాటించి తీసుకుపోయినప్పుడు తల్లులు పిల్లల్ని కావలించుకున్నారు. కొందరు పిల్లల్నే వీపు మీద బాదారు. టీచరును ఒక్కరూ ఒక్క మాట అనలేదు. చౌడప్ప అనే తెలుగు నేతగాడు, వీధికి పెద్దమనిషి, అందరి తరఫునా ఆమె దగ్గరికి వచ్చి "నువ్వు నూరేండ్లు సల్లగా ఉండు తల్లీ. ఇంక మా బిడ్డల కోసరం రావద్దు" అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఆ తర్వాత ఒక్క పిల్ల కూడా ఏరు దాటలేదు.

పొన్నమ్మను పరంధామయ్య తన గదిలో ఒకటో తరగతిలో కూర్చోబెట్టుకున్నాడు. ఏదో ఒకటి నేర్చుకోనీ అని ఆయన ఆశ. పలకలు పట్టుకున్న చంటిపిల్లల మధ్య ఆ పొడుగు పిల్ల మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. చంటిపిల్లలు ఆమెను అవ్వా అవ్వా అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన బెత్తం చూపిస్తే ఊరుకునేవాళ్ళు, ఆయన అటు తిరిగితే మళ్ళీ మొదలు. కొన్నాళ్ళు ఓర్చుకుంది. తర్వాత పలక తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి "నేను రాను సార్" అని చెప్పి వెళ్ళిపోయింది.

దీపావళి వెళ్ళాక ఏట్లో నీళ్ళు తీశాయి. ఒక ఆదివారం కుముదవల్లి మనసు ఆపుకోలేక వేలాయుధపాళ్యం పోయింది. వీధిలో నడుస్తుంటే అందరూ పలకరించారు. బాగుండారా టీచరమ్మా అన్నారు, కాఫీ తాగిపోండి అన్నారు.

వెంకటముని మగ్గం గుంటలో ఉన్నాడు. ఆమెను చూసి పైకి లేచాడు. పక్కనే నేల మీద రాట్నం. దాని ముందు పొన్నమ్మ. తట్టలో చుట్టిన కండెలు వరసగా ఉన్నాయి, ఒక్కటీ వదులు లేదు. ఏం చేసినా శుభ్రంగా చేస్తుంది ఆ పిల్ల.

"తిరుత్తణికి కబురు పంపినాను" అన్నాడు వెంకటముని, ఎటో చూస్తూ. "ఐదు కాలేదు, బిడ్డ రాదు అని. మీరేం మనసులో పెట్టుకోవద్దండి. మీరు పడిన కష్టం మా ఇంట్లోవాళ్ళు కూడా పడరు. నీళ్ళు తెస్తా ఉండండి" అని లోపలికి పోయాడు. నీళ్ళు తేవడానికి అంతసేపు పట్టదు. లోపలే ఉండిపోయాడు.

కుముదవల్లి రాట్నం పక్కన నేల మీద కూర్చుంది. పొన్నమ్మ రాట్నం ఆపింది. వాళ్ళిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకునేది అరవంలోనే, ఇక్కడ తెలుగులో చెబుతున్నా.

"టీచర్, ఒక మాట అడుగుదునా? కోప్పడరు గదా?"

"అడుగమ్మా."

"ఆ పొద్దు ఇన్‌స్పెక్టరు సారు వచ్చినప్పుడు నేను ఏం తప్పు సెప్పినాను?"

కుముదవల్లి ఆ పిల్ల దగ్గరికి జరిగింది.

"అందరికంటే ముందర మాట్లాడింది నేనే" అంది పొన్నమ్మ. "నేను తప్పు సెప్పినాను, అందుకే మన గది మూసేసినారు. అది నాకి తెలుసు. ఏం తప్పు సెప్పినానో అదే తెలీలేదు. కండెలు సుట్టేటప్పుడంతా అదే యోచన చేస్తా ఉంటాను. మజ్జిగ అడిగినానే, అదా? నా వల్లనే గదా అందరి సదువూ పాయె. వాళ్ళకి ఎవరికీ నేను సెప్పలేదు, మీరూ సెప్పొద్దండి టీచర్."

ఇన్ని నెలలుగా ఆ పసిదాని గుండెలో ఈ బరువు ఉందని కుముదవల్లికి కలలో కూడా తోచలేదు. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. దారానికి కోసుకుపోయి వేళ్ళు గరుగ్గా ఉన్నాయి.

"నువ్వు ఏ తప్పూ చెప్పలేదు తల్లీ. బాగా చెప్పినావు. అంత బాగా చెప్పినావు కాబట్టే, మీకు తెలుగు వచ్చేసిందని ఆయన అనుకున్నాడు, అందుకే మూసేసినారు. తప్పంతా నాది. నాది, విన్నావా?"

పొన్నమ్మ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత చిన్నగా నవ్వింది, చిన్నపిల్ల చెప్పే కథ విని పెద్దవాళ్ళు నవ్వినట్టు.

"పోండి టీచర్. బాగా సెప్తే ఎవరన్నా బడి మూసేస్తారా?"

కుముదవల్లి మళ్ళీ చెప్పింది. ఒట్టు పెట్టి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది, టీచరునన్న సంగతే మరిచిపోయి ఆ పిల్ల ముందు వెక్కి వెక్కి ఏడ్చింది. పొన్నమ్మ పావడా అంచుతో ఆమె కళ్ళు తుడిచింది. ఒక్క ముక్క కూడా నమ్మలేదు. తనను ఓదార్చడానికి టీచరు అబద్ధం చెబుతోందని ఆ పిల్లకు ఖాయంగా తెలుసు.

"ఏడవద్దండి. ఆ సారు ఇంకోసారి వస్తే నాకి కబురు పంపండి టీచర్" అంది. "ఏం సెప్పాల్నో ముందుగానే నేర్పించండి. ఈసారి తప్పు లేకుండా సెప్తాను."

తట్టలోంచి ఇంకో ఖాళీ కండె తీసి రాట్నానికి తగిలించుకుంది.